కనుమ మీదే టెంట్ వేయాలా, కిందికి దిగి వేయాలా?

కొండ కనుమ దాకా ఎక్కి రాత్రి అక్కడే క్యాంప్ చేయొచ్చా అని అడిగారు కదా. అనుమతి ఉన్న క్యాంప్‌సైట్ అయితే చేయొచ్చు, కానీ నా సలహా మాత్రం కనుమ దాటి కాస్త కిందికి దిగి, గాలికి అడ్డున్న చోట వేసుకోమనే. కారణం గాలి. రెండు శిఖరాల మధ్య పల్లం కాబట్టి గాలంతా ఆ ఇరుకులోంచే దూసుకొస్తుంది, అందుకే కింద ఆకు కదలకపోయినా పైన టెంట్ గుడ్డ రాత్రంతా టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది, నిద్ర పట్టదు. పైగా ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అలాగని మరీ లోయ అడుగుకీ వెళ్లకండి, రాత్రిపూట చల్లగాలి జారి అక్కడే చేరుతుంది.

కనుమ మీద నీళ్లు దొరకడం కష్టం. కింద చివరి వాగు దగ్గరే నింపుకోండి, మరిగించో ఫిల్టర్ చేసో తాగండి. టెంట్ మాత్రం నీళ్లకు కనీసం 60 మీటర్ల దూరంలో ఉండాలి.

పొద్దున్నే బయల్దేరండి, ఎందుకంటే కొండల్లో ఎండాకాలం ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తాయి, ఉరుము వినపడితే వెంటనే కిందికి దిగాల్సిందే, టెంట్ పిడుగును ఆపదు.

అన్నిటికంటే ముఖ్యం ఎత్తు. 3000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. తలనొప్పి, వాంతులు మొదలైతే అక్కడే ఆగండి, తగ్గకపోతే దిగిపోండి. మనిషి నడకలో తూలుతున్నా, అయోమయంగా మాట్లాడుతున్నా అర్ధరాత్రైనా సరే వెంటనే కిందికి దించాలి, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.