బొట్టు తీసేయమంటున్నారు

ప్రశ్న: పెళ్లయి నాలుగు నెలలైంది. గుంటూరు నుంచి డల్లాస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చాను. చుడీదార్ వేసుకుంటే మావారికి నామోషీ. "అందరూ మనకేసే చూస్తారు, జీన్స్ వేసుకో" అంటారు. మొన్న కారు దిగేముందు బొట్టు కూడా తీసేయమన్నారు. జీన్స్ నాకూ ఇష్టమే. కానీ నేనే ఆయనకి నచ్చలేదేమోనని దిగులుగా ఉంది.

జవాబు: అమ్మా, జీన్స్ మీకూ ఇష్టమేనంటున్నారు కాబట్టి బట్టల గొడవ సగం లేనట్టే. మిమ్మల్ని గుచ్చుకున్నది ఆ బొట్టు మాట. గుచ్చుకోవడం సహజం.

ఈసారి సరుకులకు వెళ్లినప్పుడు చుట్టూ చూడండి. పడుకున్న పైజామాతోనే వచ్చి పాలు కొనుక్కెళ్లేవాళ్లు, జిమ్ నుంచి లెగ్గింగ్స్‌తో తిన్నగా వచ్చేసినవాళ్లు, చలిలోనూ షార్ట్స్ మీద హుడీ తగిలించుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. మామూలు రోజుల్లో ఎవరేం వేసుకున్నారో అక్కడ పెద్దగా పట్టించుకోరు. అసలు జీన్స్ పుట్టిందే కూలిపని చేసేవాళ్ల కోసం. రాగి రివెట్లు కొట్టిన ఆ ప్యాంటుకు లెవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ 1873లో పేటెంటు తీసుకున్నారు. పైగా మీ ఫ్రిస్కోలోనే కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది. అక్కడికి చీరల్లో వచ్చేవాళ్లను మీరూ చూసే ఉంటారు.

తెలుసుకోవాల్సిన పద్ధతులు వేరే ఉన్నాయి. నిన్నటి చొక్కాతోనే ఇవాళా ఆఫీసుకెళితే గమనిస్తారు. కోటుకు పోపు వాసన పడితే ఓ పట్టాన పోదు, వంటప్పుడు అల్మరాలో పెట్టి తలుపేయండి. అమెరికన్ల పెళ్లికి పిలిస్తే తెల్ల గౌను వద్దు, అది పెళ్లికూతురిది. ఇలాంటివి మీవారినే అడిగి నేర్చుకోండి, సంతోషంగా చెబుతారు.

బొట్టు సంగతి మాత్రం దాచుకోకండి. కారులో, హడావిడిలో కాదు, భోజనాలయ్యాక స్థిమితంగా కూర్చున్నప్పుడు చెప్పండి: "బొట్టు తీసేయమన్నప్పుడు నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. మీరు కొత్తలో వచ్చినప్పుడు మిమ్మల్నెవరైనా ఏమైనా అన్నారా?" అడిగాక కాసేపు ఊరుకోండి, ఆయన్ని మాట్లాడనివ్వండి. ఎప్పుడో పడ్డ అవమానం మీకు జరగకూడదనే ఆయన తాపత్రయమేమో. అయినా సరే, బొట్టు పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఒకవేళ బట్టలతో ఆగకుండా ఫోన్లు, డబ్బులు, పాస్‌పోర్టు కూడా తన గుప్పిట్లో పెట్టుకుంటుంటే ఇది సర్దుకుపోయే విషయం కాదు. వెంటనే మీ అమ్మానాన్నలకు చెప్పండి. అక్కడి నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ నంబరు 1-800-799-7233. రాత్రయినా పగలైనా పలుకుతారు.