ఎంబ్రియాలజీ కోర్సా, పీహెచ్‌డీనా: నరసరావుపేట నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న

నరసరావుపేట నుంచి ఒకావిడ రాశారు. అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చేసింది, జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కూడా కొట్టింది, ఇప్పుడు రిప్రొడక్టివ్ బయాలజీలో, అంటే సంతానోత్పత్తి శాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. ఆవిడ మరిదిగారేమో "ఐదారేళ్లు ఎలుకలతో ఏం చేస్తుంది వదినా, ఏడాది ఎంబ్రియాలజీ కోర్సు చేయిస్తే ఏదో ఒక ఐవీఎఫ్ సెంటర్లో సెటిలైపోతుంది" అంటున్నారట. రెండూ పోల్చి చెప్పమన్నారు. చివర్లో ఒక్క లైను: "సంబంధాలు చూస్తున్నాం, అమ్మాయి ఏం చదువుతోందంటే ఏం చెప్పాలో తెలియడం లేదండీ."

అమ్మా, మీ టెన్షన్ అంతా ఆ చివరి లైన్లోనే ఉంది. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఇంతే, కోర్సుల పేర్లు ముందు, పెళ్లి మాట చివర. వీర్యకణాలు, అండాలు అని చుట్టాల ముందు ఎలా అనాలని మీకు మొహమాటం, ఆ మొహమాటం కోసం జేఆర్ఎఫ్ వచ్చిన పిల్లని దారి మార్చుకోమంటున్నారు, ఇది తప్పు అని మొహమాటం లేకుండానే చెబుతున్నాను. "పిల్లలు పుట్టకపోవడానికి కారణాల మీద పరిశోధన" అని చెప్పి చూడండి. అడిగినావిడే మిమ్మల్ని పక్కకు పిలిచి, మా కోడలి రిపోర్టులు మీ అమ్మాయికి ఒకసారి చూపించొచ్చా అంటుంది.

ఇక మరిదిగారి కోర్సు సంగతి. ఐవీఎఫ్ ల్యాబ్‌లో అండాలు, పిండాలు చూసుకునే ఎంబ్రియాలజిస్టు పని చిన్నదని నేను అనను, చెయ్యి వణక్కుండా అండంలోకి సూది దింపడం అందరివల్లా అయ్యేది కాదు. నా అనుమానం ఊరూరా పుట్టుకొస్తున్న ఆ పొట్టి కోర్సుల మీద. లక్షల్లో ఫీజు కట్టించుకుంటారు, తీరా చూస్తే పిల్లలు చాలా రోజులు సీనియర్ వెనక నిలబడి మానిటర్ చూస్తుంటారు. డబ్బు కట్టి ఆశతో వచ్చిన దంపతుల అండాన్ని ట్రైనీ చేతికి ఎవరిస్తారు, ఇవ్వకూడదు కూడా. అందుకే సర్టిఫికెట్‌లో అన్ని టెక్నిక్‌ల పేర్లూ ఉంటాయి, ఉద్యోగానికి వెళ్లినచోట "స్వయంగా ఎన్ని చేశావు" అంటే నోట మాట రాదు. పైగా 2021లో ఐవీఎఫ్ సెంటర్ల మీద కేంద్రం చట్టం తెచ్చింది, ఎంబ్రియాలజిస్టుకు ఏ చదువు, ఎంత అనుభవం ఉండాలో 2022 నియమాల్లో రాసి ఉంది. మీ మరిదిగారు చూసిన కోర్సు ఆ అర్హతకు సరిపోతుందో లేదో అడ్వాన్సు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. సరిగ్గా జవాబివ్వకపోతే మీకు విషయం అర్థమైనట్టే.

ఆయనకు ఇంకో మాట కూడా చెప్పండి. ఐవీఎఫ్‌కు 2010లో నోబెల్ అందుకున్న రాబర్ట్ ఎడ్వర్డ్స్ వైద్యుడు కాదు, ఎలుకల అండాలతో మొదలుపెట్టిన పరిశోధకుడు. 1986లో ముంబైలో ఇందిరా హిందుజా చేతుల మీద టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టినప్పుడు ఆవిడతో కలిసి పనిచేసింది ఆనంద్ కుమార్ అనే రిప్రొడక్టివ్ బయాలజిస్టు.

అలాగని పీహెచ్‌డీ సుఖంగా ఉంటుందనుకోకండి. చిట్టెలుకల నుంచి అండాలు తీయాలంటే మొదటి హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చిన సుమారు 48 గంటలకు రెండోది ఇవ్వాలి, అది ఇచ్చిన పదమూడు గంటలకు తీయాలి. పొద్దున తొమ్మిదికి అండాలు చేతిలో ఉండాలంటే ముందురోజు రాత్రి ఎనిమిదికి ల్యాబ్‌లో ఉండాలి, అది ఆదివారమైనా సరే. జత కట్టించిన మర్నాడు తెల్లారగానే ఆడ ఎలుకల్లో ప్లగ్ (జత కట్టినదానికి గుర్తుగా పడే చిన్న గడ్డ) పడిందో లేదో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చూడాలి, ఆలస్యంగా వెళితే అది రాలిపోతుంది, గర్భం ఏ రోజు మొదలైందో లెక్క దొరకదు. పెళ్లివాళ్లకు ఈ వేళల సంగతి ముందే చెప్పేయండి. చదువు అయ్యాక కూడా పర్మనెంట్ పోస్టులు తక్కువ, చాలామంది పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు, బయటి దేశాలకు వెళ్తారు. డబ్బు విషయానికొస్తే జేఆర్ఎఫ్ నెలకు 37,000, రెండేళ్లకు సీనియర్ అయితే 42,000, హెచ్ఆర్ఏ అదనం. ఒక్కోచోట నెలల తరబడి లేటవుతుంది, ఆ రోజుల్లో ఇంటి నుంచి కాస్త సర్దండి.

పీహెచ్‌డీ చేస్తే అమ్మాయికి పోయేదేమీ లేదు, కంగారు పడకండి. అది చేసి తర్వాత క్లినిక్ వైపు రావచ్చు. కోర్సు చేసి, ఉద్యోగంలో పడి, మళ్లీ పరిశోధనకు రావడమే కష్టం, జేఆర్ఎఫ్ లెటరుకు గడువు కూడా ఉంటుంది.

ఎక్కడ చేరాలంటే, ముంబై పరేల్‌లో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) వాళ్ల సంస్థ పూర్తిగా ఈ సబ్జెక్టుదే. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జంతువుల కోసం ఉన్న దాని ల్యాబ్ ల్యాకోన్స్‌లో కృత్రిమ గర్భధారణతో 2006లో చుక్కల జింక పిల్లను పుట్టించారు. మనుషుల క్లినిక్ ఒక్కటే ఈ చదువుకు గమ్యం కాదని అక్కడికెళితే తెలుస్తుంది. అమెరికాలో వుడ్స్ హోల్‌లో 1998 నుంచి యువ పరిశోధకులకు ఈ సబ్జెక్టులోనే ఆరు వారాల కోర్సు నడుస్తోంది, పగలూ రాత్రీ మైక్రోస్కోపు ముందే, కానీ అది పీహెచ్‌డీ చివర్లోనో ఆ తర్వాతో ఆలోచించాల్సింది, ఇప్పుడే కాదు.

సంస్థ పేరుకన్నా గైడు ముఖ్యం. ఆ ల్యాబ్‌లో చదివి బయటికొచ్చినవాళ్లకు అమ్మాయే ఫోన్ చేసి, ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు, మేడమో సారో వారానికి ఎన్నిసార్లు మాట్లాడతారు, ఎలుకల షెడ్డు సొంతదేనా అని అడగాలి. మీరు చేయొద్దు, తల్లిదండ్రులు ఫోన్ చేస్తే వాళ్లు మర్యాదకు మంచే చెబుతారు. ఈ వారంలోనే గైడ్లకు మెయిళ్లు పెట్టమనండి, వాళ్ల పేపర్లు చదివి, ఏం నచ్చిందో నాలుగు లైన్లు, తన ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించి నాలుగు లైన్లు. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడం" అని యాభైమందికి ఒకే మెయిలు కొడితే ఎవరూ తెరవరు.