మౌస్ పట్టిన చేతికి వేలి కొలతలు

ప్రశ్న: ఆఫీసులో విండోస్ 10 తీసేసి 11 వేశారు. టచ్ లేదు, మామూలు తెర, మౌసే. అన్నీ ఫోన్‌లో లాగా పెద్దగా, ఎడంగా కనిపిస్తున్నాయి. అలవాటు పడాల్సిందేనా, పాతలా మార్చుకోవచ్చా?

చాలావరకు మార్చుకోవచ్చండి. ముందు ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్‌కి వెళ్లి, అట్టడుగున ఉన్న ఎబౌట్ తెరవండి. ప్రాసెసర్, ర్యామ్ వివరాల కింద 'పెన్ అండ్ టచ్' అని ఒక వరుస ఉంటుంది. ఈ డిస్‌ప్లేకి పెన్నూ లేదు, టచ్చూ లేదు అని దాని ఎదురుగా రాసి ఉంటుంది. అంటే మీ తెరను ఎవరూ వేలితో తాకరని విండోస్‌కి తెలుసు. తెలిసీ వేలి కొలతలే వడ్డిస్తోంది. నా తగాదా టచ్‌తో కాదు, ఈ తెలిసి చేసే తప్పుతో.

ఐఫోన్‌లో నొక్కే చోటు కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్ అంటుంది, ఆండ్రాయిడ్‌కి గూగుల్ 48 అంటుంది. అంటే గాజు మీద సుమారు 7 నుంచి 9 మిల్లీమీటర్లు. వేలి కొన మందం బట్టి అది న్యాయమే. మౌస్ బాణానికి మాత్రం మొన ఒక్క పిక్సెల్. పైగా వేలికి లేనివి మౌస్‌కి రెండున్నాయి: నొక్కకుండా పైన నిలబడితే వివరం చూపించడం, కుడి క్లిక్. వేలిని దృష్టిలో పెట్టుకుని గీసిన తెరలో మొదట చిక్కిపోయేవి ఈ రెండే. స్క్రోల్‌బార్ కూడా అలాగే సన్నబడి, వాడనప్పుడు దాక్కుంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, విజువల్ ఎఫెక్ట్స్‌కి వెళ్లి 'ఆల్వేస్ షో స్క్రోల్‌బార్స్' ఆన్ చేస్తే అది బయటికొస్తుంది.

చోటు ఎంత పోతోందో ల్యాప్‌టాప్ మీద లెక్కేసి చూడండి. 14 అంగుళాల తెర, 1920 × 1080. కొత్తగా కొన్నప్పుడు స్కేల్ (అక్షరాల్నీ బటన్లనీ ఎంత పెంచి చూపాలన్న అంకె) చాలావాటికి 150 శాతం ఉంటుంది. అప్పుడు మీ చేతికొచ్చేది 1280 × 720 మాత్రమే. విండోస్ 10లో టాస్క్‌బార్ ఎత్తు 40, 11లో 48. 720లో 48 అంటే తెరలో పదిహేనో వంతు టాస్క్‌బార్‌కే పోయింది. దాని మీద బ్రౌజర్ ట్యాబ్‌లు, అడ్రస్ పట్టీ, ఎక్సెల్ రిబ్బన్. ఇక జాబితా చూడ్డానికి మిగిలేది తలుపు సందంత.

అందుకే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ని 125కి దించండి, 1536 × 864 దక్కుతుంది. అక్కడే కనిపించే 'కస్టమ్ స్కేలింగ్' జోలికి మాత్రం పోకండి. సైన్ అవుట్ అయితే గానీ అది అమల్లోకి రాదు, తగిలించిన తెరలన్నిటికీ ఒకే అంకె పడుతుంది, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు మసకబారతాయి. ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లకి ఇంకో చిక్కుంది. పైన గుడి, కింద వత్తు ఉన్న అక్షరం చిన్నదైతే 'ష్ట' ఏదో 'ష్ణ' ఏదో కళ్లు చికిలించి చూసుకోవాలి. అలాంటప్పుడు స్కేల్ దించేసి, యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజ్‌ని 110, 115 దగ్గర పెట్టండి. అక్షరాలు పెరుగుతాయి, బటన్ల మధ్య ఖాళీలు అంతగా పెరగవు.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వరుసలు ఎడంగా ఉన్నాయంటే వ్యూ మెనూలో 'కాంపాక్ట్ వ్యూ' టిక్ పెట్టండి, పని అయిపోయింది. కుడి క్లిక్ మెనూ కురచైపోయి సగం సరుకు 'షో మోర్ ఆప్షన్స్' వెనక్కి పోయింది కదా, ఫైల్ ఎంచుకుని షిఫ్ట్ + ఎఫ్10 నొక్కితే పాత పొడుగు మెనూ నేరుగా వస్తుంది. రాకపోతే మీ కీబోర్డ్‌లో ఎఫ్10కి సౌండో వెలుగో అంటగట్టి ఉంటారు, ఎఫ్‌ఎన్ కూడా కలిపి నొక్కండి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే లోపలి చిట్టా) మార్చే చిట్కా కూడా ఉంది గానీ, ఆఫీసు మెషీన్ మీద ఐటీ వాళ్లకి చెప్పకుండా రిజిస్ట్రీ ముట్టుకోవద్దు.

స్టార్ట్ బటన్‌ని మధ్యలో పెట్టడం వట్టి అందం గొడవ అనుకోకండి. మధ్యలో ఉన్నంతకాలం, కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా ఐకాన్ల వరుస రెండు పక్కలా పెరుగుతుంది, స్టార్ట్ అర ఐకాన్ వెడల్పు ఎడమకి జరుగుతుంది. చేతికి గుర్తున్న చోట బటన్ ఉండదు. మూలలో ఉంటే చూడక్కర్లేదు, మౌస్‌ని విసిరితే బాణం అక్కడే ఆగుతుంది. దగ్గరగా, పెద్దగా ఉన్నదాన్ని త్వరగా అందుకుంటామని పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే లెక్క కట్టాడు. బాణాన్ని అంచే ఆపుతుంది కాబట్టి మూల అంటే మౌస్‌కి అన్నిటికంటే పెద్ద బటన్ కిందే లెక్క. పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్ 'లెఫ్ట్' చేయండి. అక్కడే 'కంబైన్' అన్న చోట 'నెవర్' పెడితే ఐకాన్ల పక్కన పేర్లు కూడా వస్తాయి. 2021 అక్టోబర్‌లో 11 వచ్చినప్పుడు ఆ సదుపాయం పీకేశారు. జనం గోల పెట్టగా పెట్టగా 2023లో తిరిగిచ్చారు.

ఈ జబ్బు ముదిరితే ఎలా ఉంటుందో తెలియాలంటే విండోస్ సర్వర్ 2012ని చూడాలి. 2012 సెప్టెంబర్ 4న వచ్చింది, విండోస్ 8 కంటే ఏడు వారాల ముందు. డేటా సెంటర్ చలిగదిలో, తెర కూడా లేకుండా ర్యాక్‌లో పడి ఉండే పెట్టెకి ట్యాబ్లెట్ ముఖం తగిలించారు. (అప్పుడు ఆ సర్వర్ విభాగానికి అధిపతి మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్లే. మనవాడని దాచలేం కదా.)

పని చిన్నది: అప్‌డేట్ పడింది, రీస్టార్ట్ చేయాలి. అడ్మిన్ తన విండోస్ 7 పీసీలో రిమోట్ డెస్క్‌టాప్ (దూరాన ఉన్న కంప్యూటర్ తెరని ఇక్కడ ఒక కిటికీలో చూపించేది) తెరిచి, ఆ కిటికీని సగం తెర మేరకు పెట్టుకుంటాడు. లోపల స్టార్ట్ బటన్ లేదు. ఎడమ కింది మూలకి బాణం తోస్తే చిన్న బొమ్మ లేవాలి. మామూలు తెరకి మూల అంటే గోడ. రిమోట్ కిటికీకి గోడే లేదు, బాణం మూల దాటి జారిపోయి సొంత డెస్క్‌టాప్ మీద పడుతుంది. ఊపిరి బిగబట్టి పిక్సెల్ దగ్గర ఆపితే బొమ్మ లేస్తుంది, నొక్కబోయి చెయ్యి కదిలితే మాయమవుతుంది. కుడి పక్కన, సెట్టింగ్స్, పవర్ ఉండే చార్మ్స్ పట్టీకీ అదే తంతు: మూలలో ఆపాలి, అంచు వెంబడే తిన్నగా దించాలి, కాస్త వంకర పోతే మళ్లీ మొదటికి. పోనీ విండోస్ కీ నొక్కుదామంటే తెరుచుకునేది సొంత పీసీ స్టార్ట్ మెనూ.

ఇప్పటికీ అలాంటి సర్వర్ మోస్తున్నవాళ్లకి: రిమోట్ సెషన్‌లో ఆల్ట్ + హోమ్ నొక్కితే స్టార్ట్ వస్తుంది. కనెక్ట్ అయ్యే ముందు 'షో ఆప్షన్స్', 'లోకల్ రిసోర్సెస్'లో కీబోర్డ్ దగ్గర 'ఆన్ ద రిమోట్ కంప్యూటర్' పెడితే విండోస్ కీ కూడా అవతలికే పోతుంది. వీటన్నిటికంటే కమాండ్ ప్రాంప్ట్ నయం: షట్‌డౌన్, స్పేస్, స్లాష్ ఆర్, స్పేస్, స్లాష్ టీ, స్పేస్, సున్నా. ఆర్ బదులు ఎస్ కొట్టారో, పెట్టె ఆరిపోయి, ర్యాక్ దగ్గరున్న మనిషిని ఫోన్‌లో లేపాల్సి వస్తుంది. మరుసటి ఏడాది 2012 ఆర్2లో స్టార్ట్ బటన్ తిరిగొచ్చింది, అదీ నొక్కితే మళ్లీ ట్యాబ్లెట్ తరహా పలకల తెరకే తీసుకెళ్లేది.

లినక్స్‌కి పోతే బాగుపడతామా అంటే, అక్కడా 2011లో ఇదే గాలి వీచింది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్ 3 వచ్చాక, లినక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు బహిరంగంగా విసుక్కుని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి మారాడు. పాత గ్నోమ్ 2ని వదులుకోలేనివాళ్లు దాన్నే 'మాటే' (MATE) అన్న పేరుతో కట్టుకున్నారు. ఫోనుకీ పీసీకీ ఒకే ముఖం అన్న ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) కూడా 2017లో ఆ ఆలోచన మానుకుంది.

మీరు అడగలేదు గానీ, టచ్ ఉన్న ల్యాప్‌టాప్ వాడే మీ పక్క సీటు వాళ్లకి పనికొస్తుంది. ఎక్సెల్‌లో రిబ్బన్ బటన్లు ఒక్కోటి ఎడంగా జరిగి ఉంటే అది టచ్ మోడ్. క్విక్ యాక్సెస్ టూల్‌బార్ చివర చిన్న బాణం నొక్కి 'టచ్/మౌస్ మోడ్' టిక్ పెడితే వేలి బొమ్మతో ఒక బటన్ వస్తుంది, అందులో 'మౌస్' ఎంచుకోవాలి. ఆ టూల్‌బారే కనిపించకపోతే ముందు రిబ్బన్ మీద కుడి క్లిక్ చేసి దాన్ని చూపించమనండి.