సంఘం అంటే డిసెంబర్ 3 ఫ్లెక్సీ కాదప్పా

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకటే సంగతి. పోయిన నెల ఒకాయనకు చిన్న జవాబు రాసినా కదా, వికలాంగుల సంఘం అంటే డిసెంబర్ 3 వికలాంగుల దినానికి ఫ్లెక్సీ కట్టేది, ట్రైసైకిళ్లు పంచేది కాదు, హక్కులు అడిగేది అని, దానికి కర్నూలు, అనంతపురం, కడప మూడు దిక్కుల నుంచీ ప్రశ్నలు వచ్చి పడినాయి (జిల్లాలు విడిపోయినా నేను పాత పేర్లతోనే చెప్తాండా, నంద్యాల వాళ్లు పుట్టపర్తి వాళ్లు ఏమీ అనుకోవద్దు). అన్నిటికీ జాగా లేదు, కొన్ని తీసుకున్నా.

*

అన్నా, మా ఊర్లో, పక్కనుండే రెండు పల్లెల్లో కలిపి పద్నాలుగు మంది ఉండాం వికలాంగులం. కొందరం ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల సంఘంలో ముందు నుంచీ ఉండాం, నెలకోసారి కూచుంటాం. ఇప్పుడు మేమే సొంతంగా రిజిస్టర్ చేసుకుందాం అంటే పెద్దోళ్లు 'ఉన్నదాంట్లో ఉండక మీకెందుకురా ఇదంతా' అంటాండారు. ఎంత మంది ఉండాల, చేసుకుంటే లాభమేంది?
– కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె నుంచి

తమ్ముడూ, ముందు లెక్క చెప్తా. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం ఏడు మంది చాలు, మీరు దానికి రెండింతలు ఉండారు. మెమోరాండం, బైలాస్ రాసుకోని సంతకాలు పెట్టి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇయ్యాల, అంతే. కష్టమంతా దాని తర్వాతనే, ఏటా అందర్నీ పిలిచి మీటింగ్ పెట్టాల, కమిటీ లిస్టు రిజిస్ట్రార్‌కి పంపాల, లెక్కలు చూపియ్యాల, ఇవన్నీ రెండో ఏడుకే మర్చిపోయి రబ్బరు స్టాంపు మాత్రం మిగిలిన సంఘాలు నేను బోలెడు చూసినా. హాస్టలో స్పెషల్ స్కూలో పెడితే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ కావాల, మీరు అడగడానికి కూడుకుంటాండారు కాబట్టి మీకు దాంతో పని లేదు. ఒట్టి పొదుపు కోసమే అయితే సొసైటీ కూడా అక్కర్లేదు, మామూలు పొదుపు సంఘానికి పది మంది కావాల గానీ వికలాంగుల గ్రూపుకి ఐదు మంది ఉన్నా చాలు, ఆడ మగ కలిసి ఉండొచ్చు, పొదుపు సంఘాలను చూసే వెలుగు ఆఫీసులో అడిగితే చెప్తారు.

ఇంక ఆర్డీటీ సంగతి. 1969లో ఫెర్రర్ గారు అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థ అది, మన దిక్కు చాలా పల్లెల్లో వికలాంగులను అరుగు మీద కూచోబెట్టి 'మీరూ మాట్లాడండి' అన్నది వాళ్లే, ఆ మాట ఎవరూ కాదనలేరు. దాన్ని వదిలేసి రమ్మని నేను చెప్పను. కానీ సంస్థ వేరు, సంఘం వేరు. సంస్థ ఆపరేషన్ చేయిస్తుంది, కాలికి కట్టుకునే కాలిపర్ ఇస్తుంది, బడి నడుపుతుంది. సంఘం పని ఎమ్మార్వో టేబుల్ మీద కాగితం పెట్టి రసీదు తీస్కోవడం. సంస్థ సారు పక్కన నిలబడితే ఆఫీసర్ సారుతో మాట్లాడతాడు, నీతో కాదు, నువ్వు ఎదురుగానే ఉన్నా 'ఈ అబ్బాయికి ఏం కావాలంట' అని ఆయన్ని అడుగుతాడు, నాకు ఎన్నిసార్లు అయిందో. అందుకే సొంత సంఘం కావాల అంటాండా, ఇద్దరూ ఉండండి, కొట్లాట ఏం లేదు.

బైలాస్‌లో రెండు మాటలు మాత్రం తప్పకుండా రాయించండి. ఒకటి, కమిటీలో సగానికి పైగా వికలాంగులే ఉండాల, ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్‌తో సహా. ఊరి పెద్దను గౌరవ అధ్యక్షుడు అని పెట్టుకుంటే కుర్చీ ఆయనది, జెండా మోసేది మీరు అవుతుంది. రెండోది, కమిటీ అంతా పోలియో మగోళ్లే ఉండకూడదు. ఇది నన్ను నేను తిట్టుకుంటూ రాస్తాండా, నాదీ పోలియో కాలే. మన సంఘాలన్నీ చూడండి, కర్ర పట్టుకోని నడవగలిగి, నాలుగు ముక్కలు గట్టిగా మాట్లాడేవాళ్లం మేమే నిండిపోయినాం ముప్పై నలభై ఏళ్లుగా. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, ఇంక మా బ్యాచ్‌కి వారసులు లేరు, అది మంచిదే! కానీ సంఘానికి వారసులు కావాల కదా. 1995 చట్టంలో వైకల్యాలు 7, 2016 చట్టంలో 21, ఆటిజం, కండరాల క్షీణత, తలసీమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడికి గురైనోళ్లు, అందరూ దాంట్లో ఉండారు, మీ పద్నాలుగు మందిలో అట్లాంటి వాళ్లు లేరంటే మీ పల్లెల్లో లేరని కాదు, మీరు వాళ్ల గడప తొక్కలేదని. మంచం మీద ఉండే పిల్లోడి అమ్మను కూడా సభ్యురాలిగా తీస్కోండి.

మొదటి పని ఏం పెట్టుకోవాల అంటే నన్నడిగితే ర్యాంపు. చిన్నదిగా కనిపిస్తుంది గానీ అందరికీ కనిపించే గెలుపు అది. కడపలో ఒక ఆఫీసుకి పోయినా ఆమధ్య, పేరెందుకులే, ర్యాంపు ఉండాది, కొత్తగా టైల్స్ వేసినారు, కానీ అది పార్కులో పిల్లోళ్లు జారేదాని మాదిరి ఉంది, వీల్‌చైర్ ఎక్కియ్యాలంటే ఇద్దరు తొయ్యాల, దిగేటప్పుడు ఇంక దేవుడే దిక్కు. రూల్ ఏందంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడుగు వాలు ఉండాల. కాంట్రాక్టర్ దగ్గర నాలుగడుగుల్లో ముగిస్తాడు. టేపు తీస్కోని పోండి, కొలవండి, కాగితం మీద ఆ కొలత రాసి ఇయ్యండి. ఉన్న ప్రభుత్వ బిల్డింగులన్నీ ఐదేళ్లలో సరిచెయ్యాలని చట్టం, రూల్స్ వచ్చింది 2017 జూన్‌లో, అంటే గడువు 2022లోనే అయిపోయింది, ఆ ముక్క కూడా రాయండి. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి కేసులో ఇట్లాంటి సౌకర్యాల కొలతలు సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి రూల్స్ చెయ్యండి అని కేంద్రానికి చెప్పింది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడ ఇచ్చి నంబర్ తీస్కోండి. నంబర్ లేని అర్జీ బోండాల పొట్లం అవుతుంది.

*

అన్నా, మా వానికి పంతొమ్మిది నిండినాయి, బుద్ధిమాంద్యం, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్కారు కాగితం) ఉంది. మైనర్‌గా ఉన్నప్పుడు నేను సంతకం పెడ్తాంటి, ఇప్పుడు మేజర్ అయినాడు, నీ సంతకం చెల్లదు అంటారు బ్యాంకులో. వాడు వేలిముద్ర వేస్తే వానికి అర్థం కాదు కదా అంటారు. నేనేం చెయ్యాల?
– ఓ తల్లి, ఆదోని

అమ్మా, ఇది మీ ఒక్కరి కష్టం కాదు, పిల్లోడికి పద్దెనిమిది నిండిన మర్నాడు ప్రతి తల్లికీ వచ్చే కష్టమే. దీనికోసమే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు, ఈ నాలుగు రకాల వాళ్లకి. జిల్లాకో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, కలెక్టర్ దాని పెద్ద, ఇంకా ఒక స్వచ్ఛంద సంస్థ మనిషి, ఒక వికలాంగుడు ఉంటారు. మీరు ఆ కమిటీకి అర్జీ పెట్టుకుంటే మిమ్మల్ని లీగల్ గార్డియన్‌గా వేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్‌తో అకౌంట్ తెరవాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది, అయినా కౌంటర్లో కూచున్న పిల్లోడికి తెలీదు, వాని తప్పు కూడా కాదు, మేనేజర్‌ని అడగండి. కోర్టుకి పోవాల, లాయర్‌కి ఇంత అని ఎవరన్నా చెప్తే దీనికి మాత్రం వినొద్దు. విభిన్న ప్రతిభావంతుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో కమిటీ ఎప్పుడు కూచుంటాదో అడగండి, 'ఇంకా డేట్ రాలేదు' అంటే దాన్నే రాసిమ్మనండి.

దాంతో పాటే నిరామయ ఇన్సూరెన్స్ గురించి కూడా అడిగి పెట్టుకోండి, అది కూడా ఈ ట్రస్టుదే, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా దాంట్లో వస్తుంది.

ఒకటి మాత్రం చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. గార్డియన్ అయినాక కూడా వాన్ని అడిగే పని చెయ్యండి, చొక్కా రంగు అయినా సరే, వానికి అర్థమయ్యేటట్టు. 2016 చట్టం కూడా ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం అనే అంటాది. ఇట్లాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి 1995లో పరివార్ అని దేశం మొత్తానికి ఒక సమాఖ్య పెట్టుకున్నారు. ఆదోనిలో మీలాంటి అమ్మలు ముగ్గురు దొరికితే చాలు, మీరు పోయినాక వాన్ని ఎవరు చూస్తారు అనే మాట, ఇంట్లో మొగుడితో కూడా మాట్లాడలేని ఆ మాట, వాళ్లతో మాట్లాడుకోవచ్చు.

*

పింఛన్ ఆరు వేలు చేసినారు కదా, ఇంకా రోడ్లెక్కి ధర్నాలు ఎందుకు? పని చేసుకోవచ్చు కదా అందరిలాగా.
– కర్నూలు నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

పెద్దాయనా, పని ఇస్తే చేసుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో వికలాంగుల్లో పని చేస్తాండేవాళ్లు 36 శాతం, ఆడోళ్లలో అయితే 23. మిగతావాళ్లంతా సోమరిపోతులని మీరు అనరనుకుంటా. రోడ్డెక్కకుండా వచ్చింది ఏదీ లేదు సార్. 1995 డిసెంబర్‌లో ఢిల్లీలో వికలాంగుల హక్కుల కోసం కొట్లాడిన జావేద్ అబిదీ లాంటి వాళ్లు వీల్‌చైర్లతో రోడ్డు మీదికి వస్తేనే ఆ నెలలోనే పార్లమెంటులో మొదటి చట్టం పాసయింది. మన తెలుగోళ్లలో పింఛన్ పెంచాలని ఊరూరా తిరిగిన వాటిలో మంద కృష్ణ మాదిగ గారు పెట్టిన వికలాంగుల హక్కుల పోరాట సమితి ఒకటి, మీరు చెప్పిన ఆ ఆరు వేలు (2024 జూలై నుంచి) ఊరకే పడలేదు. మీ పెన్షన్ కోసం కూడా ఎవరో ఎప్పుడో ధర్నా చేసే ఉంటారు.

*

అన్నా, నాకు చెయ్యి వణుకు, గట్టిగా పది లైన్లు రాయలేను. సదరంలో 30 శాతం ఇచ్చినారు. ఎగ్జామ్‌కి స్క్రైబ్ (మన బదులు రాసిపెట్టే మనిషి) అడిగితే 40 లేదు కాబట్టి రూల్ ఒప్పదు అన్నారు. ఇప్పుడు డిగ్రీ అయిపోయింది, కాంపిటీటివ్ ఎగ్జామ్స్ రాయాల.
– ప్రొద్దుటూరు

ఒప్పుతుంది తమ్ముడూ. నీలాంటి ఒకబ్బాయే, రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బు, యూపీఎస్సీ మీద సుప్రీంకోర్టు దాకా పోయినాడు, 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది, వికాస్ కుమార్ కేసు అంటారు. 40 శాతం అనేది రిజర్వేషన్‌కి గీత, స్క్రైబ్‌కి కాదు, రాయలేకపోతే స్క్రైబ్ ఇయ్యాల్సిందే అన్నారు. ఆ తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం 40 కంటే తక్కువ ఉండి రాయడం కష్టమైన వాళ్లకి వేరే గైడ్‌లైన్స్ ఇచ్చింది, దాంట్లోనే డాక్టర్లు సంతకం పెట్టే ఫారం ఉండేది, 2025లో ఆ గైడ్‌లైన్స్ మారినాయి, ఇప్పుడుండే ఫారం ఏదో నోటిఫికేషన్‌లో చూసుకో, నీ సదరం కార్డు ఒక్కటే సరిపోదు, ఆ ఫారం మీద 'ఇతనికి రాయడంలో ఇబ్బంది ఉంది' అని సర్కారు ఆసుపత్రిలో రాయించుకో. గంటకి 20 నిమిషాలు ఎక్కువ టైము కూడా ఇస్తారు. అప్లికేషన్ పెట్టేటప్పుడే స్క్రైబ్ కావాలని టిక్ పెట్టు, హాల్‌టికెట్ వచ్చినాక లేచి అడిగితే పని కాదు. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ మాత్రం 40 ఉన్నోళ్లకే, అది తెలుసుకోని ఆశ పెట్టుకో.

ఆ రిజర్వేషన్‌కి కూడా ఒక కథ ఉంది. ముందు 3 శాతం ఉన్నప్పుడు సర్కారోళ్లు కొన్ని పోస్టులు ఏరి వాటి మీదే లెక్కేసేవాళ్లు. చూపు లేని వాళ్ల సంఘం, 1970లో పుట్టిన నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్, ఏళ్లకేళ్లు కొట్లాడితే 2013 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కేడర్‌లో ఉన్న మొత్తం ఖాళీల మీద లెక్కెయ్యండి అని తేల్చింది. కోర్టు వాయిదాలకి పోయి వచ్చినోళ్లు చూపు లేనోళ్లే, పక్కన ఎవరో చెయ్యి పట్టుకోని తీస్కపోతే. ప్రొద్దుటూరులో మీ సంఘం ఉంటే ఒక చిన్న పని చెయ్యండి, స్క్రైబ్‌గా రాయడానికి ఇష్టపడే ఇంటర్, డిగ్రీ పిల్లోళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో పెట్టుకోండి. ఎగ్జామ్ ముందు రోజు రాత్రి స్క్రైబ్ కోసం ఫోన్లు చేసే బాధ నాకు తెలుసు.

*

వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, విభిన్న ప్రతిభావంతులు అనాలా? మీరేమో పాత మాటే రాస్తాండారు.
– ఒక టీచర్, గుంతకల్లు

ఏదైనా సరే మేడమ్, పేరుతో పిలిస్తే ఇంకా మేలు. దివ్యాంగులు అనే మాట 2015 చివర్లో ప్రధాని రేడియోలో చెప్పినాక వ్యాపించింది, చాలా సంఘాలు అప్పుడే మాకు దివ్యత్వం ఏం వద్దు, బస్సు మెట్టు తగ్గించండి చాలు అన్నాయి. విభిన్న ప్రతిభావంతులు మన శాఖ బోర్డు మీద ఉండే పేరు, పలికేలోగా బస్సు పోతుంది. నాకు వికలాంగుడు అంటే బాధ లేదు, సంఘంలో అందరం ఆ మాటే వాడుకుంటాం. కానీ కుంటోడు, గుడ్డోడు, మెంటలోడు అని నలుగురిలో కావాలని అవమానిస్తే మాత్రం 2016 చట్టంలో 92వ సెక్షన్ ఉంది, ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. క్లాసులో పిల్లోళ్లకి ఇది ఒకసారి చెప్పండి, స్టాఫ్ రూంలో రెండుసార్లు.

*

మా సంఘంలో ఒక చెల్లి ఉంది, పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. మీటింగ్‌కి వస్తుంది, టీ తాగి పోతుంది. మేం మాట్లాడేది ఆమెకు చెప్పేవాళ్లు లేరు.
– నంద్యాల

ఈ ఉత్తరం చదివి నేను సిగ్గుపడినా, మా సంఘంలో కూడా ఇట్లాంటి ఆమె ఏళ్లకేళ్లు టీ తాగే పోయింది. సైగల భాష వచ్చిన మనిషి నంద్యాలలో మీకు వెంటనే దొరక్కపోవచ్చు. ఢిల్లీలో 2015 నుంచి సైగల భాషకి ఒక జాతీయ సంస్థ ఉంది, పది వేల మాటల వీడియో డిక్షనరీ పెట్టినారు, ఫోన్లోనే చూడొచ్చు. అది చూస్తా ఉండండి, కానీ ముందు ఆ చెల్లినే టీచర్ చేయండి. మీటింగ్ మొదలయ్యే ముందు పది నిమిషాలు, వారానికి పది సైగలు, పింఛన్, అర్జీ, బస్సు, ఎప్పుడు, ఎంత, ఒప్పుకోను. ఆమె సైగలు డిక్షనరీలో ఉన్నవాటితో కలవకపోవచ్చు, ఇంట్లో వాళ్లతో కల్పించుకున్నవి ఉంటాయి, అయినా ఫర్వాలేదు. ఆమె చదువుకోని ఉంటే ఒకరు పక్కన కూచోని ముఖ్యమైన మాటలు పెద్దక్షరాలతో రాసి చూపించాల. కరెంటు బల్బు మీ వెనక కాకుండా మీ మొహం మీద పడేటట్టు కూచోండి, ఒక్కరి తర్వాత ఒక్కరు మాట్లాడండి (మన దిక్కు మీటింగుల్లో ఇదే కష్టం!). తీర్మానానికి చేతులు ఎత్తమన్నప్పుడు ఆమె చెయ్యి ఎత్తిందా లేదా అని కాదు, దేనికి ఎత్తమంటాండారో ఆమెకు తెలిసిందా అని చూసుకోండి, తెలీకపోతే ఆ తీర్మానం వచ్చే నెలకి పెట్టుకోండి.