ముందు గెంతు కుదుర్చుకో, తల్లీ

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి 1987 నాటి మెగా మ్యాన్ వీడియో గేమ్‌ని, చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ మీద మళ్ళీ కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన వీడియో పది పన్నెండుసార్లు చూశాను. ఇవన్నీ ఫోన్లో చెప్పుకునే మాటలు కావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

బొమ్మలు ఇప్పుడే గీయకమ్మా. వెనక కొండలు, మబ్బులు, మంచు అన్నీ ముచ్చటగా ఉన్నాయి, కాదనను. కానీ నీ బుల్లి మనిషి గెంతినప్పుడు దూదిపింజలా లేచి, దూదిపింజలాగే దిగుతున్నాడు. ఆ ఆట ప్రాణమంతా గెంతులోనే ఉంది. బటన్ కొద్దిగా తాకితే కొద్దిగా, నొక్కి పట్టుకుంటే ఎత్తుగా లేవాలి; వేలు తీసిన క్షణంలో కిందికి తిరగాలి. పాత ఆటని కంప్యూటర్లో ఒక్కో ఫ్రేము, అంటే తెర మీద మారే ఒక్కో చిత్రం దగ్గర ఆపుకుంటూ నడిపించు. కాలు నేల వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ తాకేదాకా ఎన్ని ఫ్రేములు, ఎన్ని గళ్ళ ఎత్తు, ఎన్ని గళ్ళ దూరం, అన్నీ నోటుబుక్కులో రాసుకో. తర్వాత బూడిదరంగు డబ్బాలతో ఒకే ఒక్క గది కట్టు. మనిషి కూడా డబ్బాయే. వారంపాటు ఆ డబ్బాని గెంతించినా నీకు విసుగు రాకపోతే, అప్పుడు గీసుకో కొండలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో విను. 1996లో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక సందులో నాకు మూడు టీవీల గేమ్ షాపు ఉండేది. క్యాసెట్ పట్టకపోతే తీసి, నోటితో ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. రోజూ సాయంత్రం ఒక కుర్రాడు వచ్చేవాడు. ఆడుతూనే రోడ్డు మీద పోయేవాళ్ళని పలకరించేవాడు. తల అటు తిరిగి ఉండేది, బొటనవేలు మాత్రం సరిగ్గా గుంత అంచు దగ్గరే నొక్కేది. ఆట వాడి వేళ్ళలోకి దిగిపోయింది. పదేళ్ళ తర్వాత హైదరాబాద్‌లో కీప్యాడ్ ఫోన్లకి ఆటలు చేసే ఒక కంపెనీలో ఉన్నప్పుడు, అలాంటి ఆటనే ఒకదాన్ని ఫోన్ మీదికి తెచ్చాం. గెంతే ముందు మోకాళ్ళు వంచే బొమ్మలు రెండు చేర్చమన్నది నేనే. చూడ్డానికి ఎంతో అందంగా వచ్చింది. సంక్రాంతికి ఊరొచ్చి ఆ కుర్రాడి చేతిలోనే పెట్టాను. మొదటి గుంతలోనే మూడుసార్లు పడ్డాడు. నాలుగోసారి ఆడలేదు. "ఇది అది కాదన్నా" అని ఫోన్ నా చేతికిచ్చేశాడు. ఆ రెండు బొమ్మల వల్ల నొక్కడానికీ లేవడానికీ మధ్య సెకనులో పదోవంతు ఆలస్యం చేరింది, అంతే తేడా.

తప్పెటగుళ్ళు చూశావు కదా. గుండెల మీద దరువూ కాలి గెంతూ ఒక్కసారే పడాలి. దరువు పిసరంత వెనకబడినా, చూసేవాళ్ళకి ఏం తప్పిందో తెలీదుగానీ ఊపు చచ్చిపోతుంది. నీ బటనూ నీ మనిషీ అలా కలవాలి.

ఒక్క చోట మాత్రం సడలింపు ఇవ్వు. చేతి కన్సోల్ బటన్లు చిన్నవి, వేలు జారుతుంది. అందుకని అంచు దాటిపోయాక కూడా మూడు నాలుగు ఫ్రేముల వరకు గెంతనివ్వు. ఆడేవాళ్ళు గమనించరు, "నొక్కాను, గెంతలేదు" అనే బాధ మాత్రం తప్పుతుంది.

ఇక తెర. దీని గురించి నువ్వు ఏమీ ఆలోచించినట్టు లేదు. పాత ఆట తెర 256×240 చుక్కలు (పిక్సెళ్ళు). గడికి 16 చుక్కల చొప్పున అడ్డం 16 గళ్ళు, నిలువు 15. చాలా చోట్ల ఒక తెర అంటే ఒక గది, తెర జరిగితే కొత్త గది. నీ కన్సోల్ 640×480. సరిగ్గా రెండింతలు చేస్తే 512×480 వస్తుంది, అటూ ఇటూ 64 చుక్కలు మిగులుతాయి. ఆ ఖాళీ చూసి బొమ్మని సాగదీశావు. అందుకే నీ వీడియోలో నేల గీతలు ఒకటి లావు, ఒకటి సన్నం. మనిషి నడుస్తుంటే అవి వణుకుతున్నాయి. సాగదీయకు. తెరంతా నిండాలంటే 320×240 తీసుకుని రెండింతలు చెయ్, గీతలు శుభ్రంగా వస్తాయి. కానీ అప్పుడు అడ్డం 20 గళ్ళు అవుతాయి. శత్రువు ముందే కనబడతాడు, పక్క గది ఇటు తొంగిచూస్తుంది. అంటే ప్రతి గదినీ మళ్ళీ కట్టాలి. నీకున్న నెలల్లో అది అవదు. అంచులు నల్లగా వదిలెయ్.

పెద్ద కంపెనీలకీ ఇదే చిక్కు వచ్చింది. 1985 నాటి మారియో ఆటని 1999లో గేమ్ బాయ్ కలర్ అనే చేతి కన్సోల్‌కి తెచ్చినప్పుడు, ఆ తెర 160×144 మాత్రమే. బొమ్మల సైజు తగ్గించలేదు, కనబడే మేర తగ్గించారు. పైనా కిందా ఏముందో చూసుకోడానికి తెర జరుపుకునే వీలిచ్చారు. నేను ఆడినప్పుడు కింద నేల ఉందో లేదో తెలియకుండానే దూకిన చోట్లు ఉన్నాయి. నువ్వు కడుతున్న ఈ మెగా మ్యాన్‌నే దాన్ని చేసిన క్యాప్‌కామ్ కంపెనీ వాళ్ళు 2006లో సోనీ చేతి కన్సోల్ పీఎస్పీకి తెచ్చినప్పుడు, వెడల్పు తెర కోసం పెద్ద తలల బొమ్మలతో అంతా కొత్తగా కట్టారు. 1987లో ఆరుగురే ఉన్న బాసులకి, అంటే ఒక్కో దారి చివర ఎదురయ్యే పెద్ద శత్రువులకి, టైమ్ మ్యాన్, ఆయిల్ మ్యాన్ అని ఇద్దర్ని చేర్చారు. అయినా పాత అమరికని ఓల్డ్ స్టైల్ పేరుతో వేరుగా ఉంచారు. మెట్రాయిడ్ అనే ఆట చేసినవాళ్ళు 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ కన్సోల్ మీద ఇంకా మంచి పని చేశారు: కొత్త ఆట పూర్తిచేస్తే 1986 నాటి అసలు ఆటే తెరుచుకుంటుంది. నాకు ఈ మర్యాద ఎంతో నచ్చుతుంది.

మరి చేతిలో పట్టుకునే ఆట ఎక్కడ ఆడతారు? నువ్వు విజయనగరం నుంచి ఇంటికొచ్చే బస్సులో ఆడతావు. చిలకపాలెం దాటాక దిగేవాళ్ళ హడావుడి మొదలవుతుంది, టక్కున ఆపాలి. 1987 ఆటలో దాచుకునే వీలే లేదు, కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచే. నువ్వు అలా చెయ్యకు. ఏ క్షణంలో ఆపినా అక్కడినుంచే తెరుచుకోవాలి. బస్సులో చప్పుడు వినబడదు, పక్కవాళ్ళ కోసం నువ్వే ఆపేస్తావు కూడా. ఐస్ మ్యాన్ అనే బాసు దారిలో కనబడి మాయమయ్యే దిమ్మెలు గుర్తున్నాయా? చప్పుడుతోనే వాటి వరస పట్టుకునేవాళ్ళం. చప్పుడు లేకుండా ఆడి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది. దిమ్మె వచ్చే ముందు ఆ చోట సన్నని మెరుపు పెట్టు.

పాత తప్పుల్ని భక్తిగా మొయ్యక్కర్లేదు. ఒకే వరసలో ఎనిమిది కదిలే బొమ్మలు దాటితే అప్పటి గేమ్ మిషను గీయలేకపోయేది, అందుకే అవి మిణుకుమనేవి. అది తీసెయ్. దెబ్బ తగిలి ఒళ్ళు మెరుస్తున్నప్పుడు కూడా ముళ్ళు తాకితే చావే, అది కూడా తీసెయ్. గుంతలు మాత్రం ఎక్కడివక్కడే ఉంచు.

ఇంకొకటి. ఆ పేరు, ఆ బొమ్మ, ఆ పాటలు క్యాప్‌కామ్ సొత్తు. కాలేజీ కోసం నేర్చుకోడానికి చేసుకో. బయటికి వదిలేటప్పుడు బొమ్మలు, సంగీతం, పేరు అన్నీ నీవే ఉండాలి.

సిరిమాను పండక్కి విజయనగరం వస్తాను. అప్పటికి ఆ బూడిదరంగు గది ఒక్కటి ఉంటే చాలు. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఆడి చూస్తాను. నీ నోటుబుక్కు కూడా పట్టుకురా, లెక్కలు ఇద్దరం సరిచూద్దాం.

మీ మావయ్య