మార్చిలో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో ఉన్న టాంపా బేలో గైడ్‌తో చేపల వేటకి వెళ్లొచ్చా? లైసెన్స్ కావాలా?

వెళ్లొచ్చు. లైసెన్స్ విడిగా అక్కర్లేదు, పడవకి ఉండే చార్టర్ లైసెన్స్ కిందే ఎక్కినవాళ్లందరూ వస్తారు. గాలాలు, ఎర గైడే తెస్తాడు.

మార్చిలో నమ్మకంగా పడే చేప షీప్స్‌హెడ్. గుడ్లు పెట్టే కాలం కాబట్టి వంతెన స్తంభాల దగ్గర గుంపులుగా చేరుతుంది. రొయ్యముక్కో చిన్న పీతో ఎరగా వేస్తే చాలు. కానీ మహా జాణ, మీకు తెలిసేలోపే ఎర కొట్టేసి పోతుంది.

చాలామంది స్నూక్ కోసం వెళ్తారు. మన పండుగప్ప పోలికే. చలికాలమంతా నదుల్లో, కాలువల్లో తలదాచుకుని, నీళ్లు 20 డిగ్రీలు దాటాక మడ చెట్ల వైపు వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కొక్కరు ఒకటి ఉంచుకోవచ్చు, పొడవు 28 నుంచి 33 అంగుళాల మధ్య ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి, బుక్ చేసేటప్పుడు అడగండి.

తెల్లవారుజామునే బయల్దేరాలన్న పట్టుదల ఈ నెలలో వద్దు. చల్లగాలులు వీచిన మర్నాడు పొద్దున చేప కదలదు. ఎండకి నల్లటి బురద నేల వేడెక్కాక, మధ్యాహ్నం పోటు మీద బాగా పడుతుంది. గాలి మరీ ఎక్కువుంటే తేదీ మార్చుకోవడమే మేలు.

పిల్లలుంటే నాలుగు గంటల ట్రిప్పు చాలు. ఒడ్డుకొచ్చాక చాలామంది గైడ్లు చేప కోసిస్తారు, కండ మాత్రమే తీసి మిగతాది పారేస్తారు. పులుసు పెట్టేవాళ్లు తలకాయలు ముందే అడగండి!