మనసు, సమాజం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. మొన్నటి వానల్లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక పెద్దాయన స్కూటీ జారి పడిపోయారు. జనం మూగారు, ఇద్దరు ముగ్గురు సెల్‌ఫోన్లో వీడియో తీశారు, చాలాసేపటిదాకా ఎవరూ చెయ్యి వేయలేదు. నేనూ వేయలేదు. న్యూయార్క్‌లో ఒక హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారని మా పాఠంలో ఉంది. నగరంలో బతికితే మనిషి గుండె బండబారిపోతుందా? – ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బండబారదమ్మా. ముందుగా ఆ 38 మంది సంగతి చూద్దాం. 1964 మార్చిలో కిట్టీ జెనోవీస్ అనే యువతిని దుండగుడు పొడిచి చంపినప్పుడు 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారని అక్కడి పత్రిక రాసిన మాట నిజమే. కాని తర్వాతి కాలంలో కేసు వివరాలను తిరిగి పరిశీలించినప్పుడు, జరుగుతున్నదేమిటో కళ్లారా చూసినవారు కొద్దిమందేననీ, మిగిలినవారిలో చాలామందికి అరుపులు మాత్రమే వినిపించాయనీ, పొరుగింటి స్త్రీ ఒకరు కిందికి పరుగెత్తి వచ్చి చివరి నిమిషాల్లో ఆమెను పొదివి పట్టుకుని ఉన్నారనీ తేలింది. ఈ సవరణ లేకుండానే పాఠం ఇంకా మీదాకా వస్తోందంటే నాకు నిజంగా బాధగా ఉంది. తోటి మనుషులను నమ్మవద్దని పిల్లలకు నేర్పే కథ అది, అందులో సగం నిజం కాదు.

అయితే ఆ వార్త చదివి డార్లీ, లాటనే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు మాత్రం గట్టివి. 1968లో వారు విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల ద్వారా మాట్లాడించారు. మధ్యలో ఒక గొంతు తడబడి, తనకు మూర్ఛ వస్తోందనీ, సాయం చేయమనీ వేడుకుంటుంది. అది ముందే రికార్డు చేసి పెట్టిన గొంతు. దాన్ని వింటున్నది తానొక్కరే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ గొంతు ఆగిపోకముందే సాయం కోసం గది బయటికి వచ్చారు. తనతోపాటు మరో నలుగురు వింటున్నారనుకున్నవారిలో 31 శాతం మందే వచ్చారు. మీరు గమనించవలసింది దీని తర్వాతి వాక్యం. బయటికి రానివారి దగ్గరకు ప్రయోగకర్త వెళ్లి చూస్తే వారు నిమ్మకు నీరెత్తినట్లు కూర్చుని లేరు. చేతులు వణుకుతున్నాయి, అరచేతులకు చెమటలు పట్టాయి, ‘అతనికి ఎలా ఉంది?’ అని వారే అడిగారు. వెళ్లాలా వద్దా అన్న తేల్చుకోలేనితనం వారిని కట్టిపడేసింది.

దీని వెనుక రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, చుట్టూ ఎంతమంది ఉంటే బాధ్యత అన్ని ముక్కలై ఎవరి వంతూ చిన్నదైపోవడం. రెండోది, అందరూ మౌనంగా ఉన్నారు కాబట్టి ఇదేమంత ప్రమాదం కాదేమోనని ఒకరి ముఖం చూసి మరొకరు పొరబడడం. మన రోడ్ల మీద మూడోది కూడా తోడవుతుంది, అది పోలీసుస్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం. సాయం చేసినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లో చట్టబలం ఇచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో చేరిన 134ఎ సెక్షన్ ప్రకారం, సదుద్దేశంతో ఆదుకున్నవారి మీద కేసులు ఉండవు, పేరు, వివరాలు చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ సంగతి ఇంటింటా తెలియాలి.

ఇంకొక మంచి మాట ఉంది. ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీ కెమెరాల్లో నమోదైన 219 వీధి తగాదాలను పరిశోధకులు పరిశీలిస్తే, పదింట తొమ్మిది సందర్భాల్లో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు. గుంపులో ఒక్కొక్కరు వెనకాడినా ఎవరో ఒకరు కదిలే అవకాశం గుంపు పెరిగేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి ఈసారి మీరు ‘ఎవరైనా రండి’ అని అరవకండి. ఒక్కరి కళ్లలోకి చూసి, ‘నీలం చొక్కా అన్నా, మీరు 108కి ఫోన్ చేయండి; అక్కా, మీరు ఈయన తల పట్టుకోండి’ అని వేలు చూపించి చెప్పండి. ముక్కలైన బాధ్యత ఆ క్షణంలో ఒక మనిషి చేతికి వస్తుంది, తరచు ఆ మనిషి కదులుతాడు.

ప్రశ్న: దూరవిద్యలో ఎం.ఎ. చేస్తున్నాను. రుణాత్మక పునర్బలనం, శిక్ష రెండూ ఒకటేనా? మా నాలుగేళ్ల బాబు సూపర్‌మార్కెట్‌లో చాక్లెట్ కోసం కిందపడి ఏడుస్తాడు. ఒక్కోసారి కొనిస్తాను, ఒక్కోసారి కొనివ్వను. – ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ఒకటి కాదు. పునర్బలనం ఏదైనా ప్రవర్తనను పెంచుతుంది, శిక్ష తగ్గిస్తుంది. మీ ఇంటి దృశ్యంలోనే రెండు రకాల పునర్బలనాలూ ఉన్నాయి. ఏడిస్తే చాక్లెట్ దొరికింది కనుక బాబు ఏడుపు బలపడింది, ఇది ధనాత్మకం. చాక్లెట్ ఇస్తే ఏడుపనే బాధ తప్పింది కనుక మీ ఇచ్చే అలవాటు బలపడింది, ఇది రుణాత్మకం. ఒక్కోసారి ఇచ్చి ఒక్కోసారి మానేయడమే అన్నిటికంటే చిక్కు. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దొరికిన ప్రవర్తన, ఎప్పుడూ దొరికినదానికంటే మొండిగా నిలుస్తుందని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ప్రయోగాలు చూపాయి. ఇంటి దగ్గరే ‘ఈరోజు కొనం’ అని చెప్పి, ఆ మాట మీద నిలబడండి. మొదటి కొన్నిసార్లు ఏడుపు మునుపటికంటే పెరుగుతుంది. అక్కడ కరిగిపోతే, ఇంకా గట్టిగా ఏడవాలన్న పాఠం వాడికి అందుతుంది.

ప్రశ్న: అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఏళ్ల తరబడి గ్రూప్-1కి చదువుతున్నాను. ‘నీలో పట్టుదల లేదు’ అని నాన్న అంటున్నారు, నాకూ అలాగే అనిపిస్తోంది. భారతీయ సమాజం పేపర్ కోసం సమాజశాస్త్రం చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. నా పరిస్థితికి కారణం మనస్తత్వశాస్త్రం చెబుతుందా, సమాజశాస్త్రం చెబుతుందా? – ఒక అభ్యర్థి, హైదరాబాద్

జవాబు: మొదట సమాజశాస్త్రాన్నే అడగండి, తమ్ముడూ. రైట్ మిల్స్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త 1959లో ఒక తేడా చూపాడు. లక్ష మంది ఉన్న ఊళ్లో ఒక్కడికి పని లేకపోతే అతని నైపుణ్యాన్నీ స్వభావాన్నీ పరిశీలించవచ్చు; ఐదు కోట్ల మంది పనివారున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే, కారణాన్ని ఒక్కొక్కరి గుణంలో వెతకడం పొరపాటు, ఆ దేశపు ఏర్పాటునే ప్రశ్నించాలి. మీ విషయమే తీసుకోండి. 2022 తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్‌లో 503 పోస్టులకు మూడు లక్షల ఎనభై వేల మంది దరఖాస్తు చేశారు, అంటే పోస్టుకు ఏడువందల యాభై మందికి పైమాటే. ఆ ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగింది, ప్రశ్నపత్రం లీకవడంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ జరిగింది, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 జూన్‌లో కొత్త నోటిఫికేషన్ మీద మూడోసారి రాయవలసి వచ్చింది. చిక్కడపల్లి లైబ్రరీలో మీ పక్కన కూర్చున్నవారందరికీ ఒకేసారి పట్టుదల సన్నగిల్లిందని ఎవరైనా అనగలరా? ఎదుటి మనిషి పరిస్థితిని తక్కువగా, స్వభావాన్ని ఎక్కువగా లెక్కవేయడం మనందరిలో ఉన్న దోషమేనని, 1977లో లీ రాస్ అనే మనస్తత్వవేత్త దానికి పేరు కూడా పెట్టాడని, వీలు చూసుకుని నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. వారి మాటలో ఉన్నది మీ మీద బెంగ.

‘నాకూ అలాగే అనిపిస్తోంది’ అన్నారు చూడండి, అక్కడ మనస్తత్వశాస్త్రం అవసరమవుతుంది. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు కొన్ని కుక్కలకు, అవి ఏం చేసినా ఆగని విద్యుత్ షాకులు ఇచ్చారు. తర్వాత తప్పించుకోవడానికి దారి ఉన్న చోట పెట్టినా వాటిలో ఎక్కువ భాగం ప్రయత్నించకుండా పడుకుండిపోయాయి. దీన్ని నేర్చుకున్న నిస్సహాయత అన్నారు. దాదాపు ఏభై ఏళ్ల తర్వాత, 2016లో, అదే ఇద్దరూ తమ వివరణను తిరగరాశారు: దీర్ఘకాలం వదలని బాధకు లోనైన ప్రాణి చతికిలబడడం సహజంగా జరిగేదే, నేర్చుకోవలసి వచ్చేది తన చేతిలో ఏదో ఉందన్న అనుభవాన్ని. పరీక్ష తేదీ, కోర్టు తీర్పు మీ చేతిలో లేవు. అందుకని రోజులో ఒక గంటైనా, చేసిన పనికి ఫలితం ఆ రోజే కనిపించేదానికి కేటాయించండి. ఒక జవాబు రాసి స్నేహితుడితో దిద్దించుకోవచ్చు, పక్క వీధి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బతుకు మీద విసుగు కొన్ని వారాలుగా వదలకుండా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. టెలి-మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.